భూగర్భ రహస్యవేత్త రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హాం

రుద్రవరమునకు తూర్పున నల్లమల కొండలు గోడకట్టినట్లు నిలిచియున్నవి. పడమట కుందేరు లోయ చదునుగా పరచుకొనియున్నది. చాపను ఇరువైపులనుండి నెట్టినచో ముడుతలు పడునట్లు కొండలలోని బండలు ముడుతలు పడియున్నవి. లోయలోని నాపరాతి పొరలు మాత్రము ఒకదానిపై నొకటి పేర్చిన పుస్తకములవలె చాలవరకు సమముగా నున్నవి. ఈ రెండు విధముల నేలలు కలియుచోట భూమిలో నతిప్రాచీనమైన హద్దు ఒకటి కలదు. తూర్పు రాళ్లు పడమటి రాళ్లమీదికి త్రోయబడుటచే నేర్పడిన యీ హద్దును భూగర్భ శాస్త్రజ్ఞులు రుద్రవరము రేఖ యని వ్యవహరింతురు. దేశ విదేశముల పరిశోధన గ్రంథములలో నీ గ్రామనామ మీ విధముగా నెక్కినది.

అయినను ఊరివారిలో నా రేఖను కన్నులార చూచినవా రరుదు. కొండవాగులు తెచ్చిన గులకరాళ్లును, ఒండ్రును, పొలముల మన్నును దానిని కప్పివేసినవి. పైకి కనబడని హద్దును, అందును మైళ్లకొలది లోతునకు దిగిన హద్దును, త్రవ్వకయే తెలిసికొనుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పు శాస్త్రమునకు భూభౌతిక శాస్త్రమని పేరు. ఆ శాస్త్రమునకు భారతదేశపు నేలమీద నిలిచి పునాదిరాయి వేసినవారిలో అగ్రగణ్యుడు రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హాం.

ఓల్డ్‌హాం 1858వ సంవత్సరము జూలై 31వ తేదీన ఐర్లండు దేశపు డబ్లిన్ నగరమున జన్మించెను. తండ్రి థామస్ ఓల్డ్‌హాం 1851లో భారతదేశమునకు వచ్చి, భూగర్భ సర్వేక్షణ శాఖకు తొలి అధిపతియై, పాతిక సంవత్సరములు దానిని నడపిన ధీమంతుడు. పినతండ్రి చార్లెస్ ఓల్డ్‌హాం ఆ శాఖలోనే చేరి మద్రాసు రాజధానిలో పనిచేసెను. థామస్ అధిపతిగా నున్న కాలమందే విలియం కింగ్ అను నధికారి కడప, కర్నూలు సీమలలో కాలినడకనను గుఱ్ఱముమీదను తిరిగి, యిచ్చటి రాళ్ల నన్నిటిని వర్గీకరించి, 1872లో గొప్ప గ్రంథమును ప్రకటించెను. బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యము, కుందేరు, నల్లమల యను పేర్లు శిలావర్గముల పేర్లుగా లోకమునకు తెలిసినది ఆ గ్రంథము వలననే. కావున రిచర్డ్ ఇంకను బాలుడుగా నున్నప్పుడే యీ సీమ శిలలకథ అతని తండ్రి పర్యవేక్షణలో అచ్చునకు సిద్ధమగుచుండెను.

రిచర్డ్ రగ్బీ పాఠశాలలోను, పిమ్మట లండనులోని రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్ అను విద్యాలయములోను చదివెను. 1876లో పదవీ విరమణ చేసి స్వదేశమునకు మరలిన తండ్రి రెండేండ్లకే, 1878 జూలైలో, పరమపదించెను. ఆ మరుసటి యేడు ఇరువదియొకటవ యేట రిచర్డ్ తండ్రి స్థాపించిన శాఖలోనే చిన్న యుద్యోగిగా ప్రవేశించెను. తండ్రి పేరు పెద్దది; దాని నీడలో నిలిచినవాడు తన ప్రయోజకత్వమును వేరుగా నిరూపించుకొనవలసి యుండెను.

థామస్ ఓల్డ్‌హాం పోవుచు వదలిన కాగితములలో రెండు అసంపూర్ణమైన పనులు కలవు. ఒకటి, 1869 జనవరి 10వ తేదీన కచారు సీమను కుదిపిన భూకంపమును గూర్చి ఆయన స్వయముగా తిరిగి వ్రాసికొనిన వివరములు. రెండవది, ప్రాచీన కాలమునుండి 1869 వరకు భారతదేశమున సంభవించిన భూకంపముల పట్టిక. ఎవరును పట్టించుకొనకున్నచో అవి చెదలపాలు కావలసినవే. రిచర్డ్ వానిని సరిచూచి, పరిష్కరించి, 1882, 1883 సంవత్సరములలో తండ్రిపేరనే అచ్చు వేయించెను. పితౄణమును తీర్చుకొను మార్గములు పెక్కు కలవు. తండ్రి వ్రాతను నష్టము కాకుండ లోకమున కందించుట వానిలో నుత్తమమైనది. ఆ పని చేయుచుండగనే భూకంప విద్య యాతనికి పట్టుబడెను.

తరువాతి పదునైదేండ్లు ఆయన దేశము నాలుగు చెఱగులు తిరిగెను. మణిపురపు టడవులు, హిమాలయ సానువులు, రాజస్థానపు ఎడారి, బెలూచిస్థానపు కొండలు, అండమాను దీవులు ఆయన పాదముల క్రింద నలిగినవి. 1893లో భారతదేశ భూగర్భ శాస్త్ర సంగ్రహమునకు రెండవ కూర్పును ఓల్డ్‌హాం ఒక్కడే సిద్ధపరచెను. అందులో కడప, కర్నూలు శిలల వర్ణనము కలదు. అది కింగ్ చేసిన సర్వే నాధారముగా చేసికొని వ్రాయబడినది. ఆనాడు శాఖాధిపతిగా నున్నవాడును ఆ కింగే యగుట విశేషము. అయితే కింగ్ గాని ఓల్డ్‌హాం గాని అప్పటికి చూడగలిగినది నేలపై కనబడు రాతిని మాత్రమే. రాయి మట్టిలోనికి దిగినచోట వారి చూపు ఆగిపోయెడిది. ఆ పైని యంతయు ఊహ.

1897 జూన్ 12వ తేదీ సాయంకాలము 5 గంటలు దాటిన పిమ్మట అస్సాము సీమ భూమి యొక్కమారుగా కంపించెను. కొలది క్షణములలో షిల్లాంగు పట్టణమున రాతికట్టడము లన్నియు నేలమట్టమయ్యెను. చిరపుంజి ప్రాంతమున కొండచరియలు విరిగిపడి ఊళ్లను కప్పివేసెను. బ్రహ్మపుత్ర తీరమున నేల నెఱ్ఱెలు విచ్చి ఇసుకయు నీరును పైకి చిమ్మెను. సుమారు లక్షన్నర చదరపు మైళ్ల మేర కట్టడములు దెబ్బతినెను. 1,542 మంది ప్రాణములు కోల్పోయిరి. ప్రజ లింకను వెలుపల తిరుగుచున్న వేళ యగుటచే మరణములు అంతటితో ఆగెను. నడిరేయి యైనచో ఆ సంఖ్య యెంతయో పెరిగియుండెడిది.

ఈ విపత్తును విచారించు భారము ఓల్డ్‌హాం పైబడెను. ఆయన సహోద్యోగులను వేర్వేరు జిల్లాలకు పంపి, తానును వర్షములు వెలిసిన పిమ్మట కొండలలో తిరిగెను. గడియారము లెప్పు డాగినవి, గోడ లే దిక్కునకు కూలినవి, సమాధిరాళ్లు ఎంత దూరము పడినవి మొదలగు వివరములను ఊరూర సేకరించి వ్రాయించెను. కొన్ని చోట్ల భూమిలో పాతుకొనియున్న బండలు తా మున్న గుంటల యంచులు చెదరకయే పైకెగిరి ప్రక్కన పడియుండెను. దానినిబట్టి, బండ బరువును మించిన బలముతో భూమి పైకి విసరినదని ఆయన లెక్కకట్టెను.

ఛేడ్రాంగ్ అను నదీమార్గమున ఆయనకు మరియొక వింత కనబడెను. సుమారు 12 మైళ్ల పొడవున నేల రెండుగా తెగి, ఒకవైపు భాగము పైకి లేచియుండెను. ఒకచోట ఆ యెత్తు 35 అడుగులు. నిన్నటివరకు సమముగా పారిన యేరు ఆ గట్టుకు తగిలి ఒకచోట జలపాతమై దూకుచు, మరియొకచోట మడుగై నిలిచియుండెను. భూమిపొర తెగి, తెగిన భాగములు ఒకదాని ప్రక్క నొకటి జరుగుటనే శాస్త్రమున భ్రంశ మందురు. భ్రంశము ఎట్లు పుట్టునో లోకమునకు ప్రత్యక్షముగా చూపిన తార్కాణములలో ఛేడ్రాంగ్ ముఖ్యమైనది.

కాని యా ఛేడ్రాంగ్ తెగుడు అంతటి మహాకంపమునకు చాలదని ఓల్డ్‌హామునకు తోచెను. అసలు కారణ మింకను లోతున దాగియుండవలెను. దానిని పట్టుకొనుటకు ఆయన భారతీయ సర్వే శాఖవారిచే కొండశిఖరముల నడుమ కొలతలను మరల వేయించెను. ఏండ్ల క్రిందట త్రికోణములుగా కొలిచిన దూరములను తిరిగి కొలువగా, కొన్ని స్థలములు తమ చోటునుండి జరిగినట్లు తేలెను. పొలము హద్దురాళ్లు కదలినవో లేదో పాత కొలతల పుస్తకమునుబట్టియే కదా తెలియును! కొండలకైనను అదియే న్యాయము. పాత లెక్క భద్రముగా నున్నందుననే కొత్త లెక్కకు విలువ కలిగెను. ఈ వివరము లన్నిటితో ఓల్డ్‌హాం 1899లో ప్రకటించిన గ్రంథము భూకంప శాస్త్రమునకు మార్గదర్శకముగా నేటికిని మన్నన పొందుచున్నది.

ఆ గ్రంథముతో ఆయన తృప్తి చెందలేదు. అస్సాము కదలిన ఘడియలోనే వేలమైళ్ల దూరమున నున్న ఇటలీ మొదలగు దేశముల భూకంపలేఖినులు వంకరగీతలను గీసియుండెను. ఇతరులకు చిక్కుపడిన దారమువలె కనబడిన ఆ గీతలలో ఓల్డ్‌హాం మూడు అలల వరుసలను వేరుపరచెను. మొదట వచ్చునది, రాతిని ముందునకు నెట్టుచు వెనుకకు లాగుచు సాగు తరంగము. రెండవది, త్రాటిని ఊపినట్లు రాతిని అడ్డముగా ఊపుచు వచ్చునది. ఈ రెండును భూమి లోపలినుండి వచ్చును. మూడవది భూమి పైపొరను మాత్రమే యంటిపెట్టుకొని తీరికగా చేరును. 1900లో ఈ విషయమును లండను రాయల్ సొసైటీ పత్రికయందు ఆయన విశదీకరించెను. ఈ భేదము తెలిసిననాటినుండి భూకంపము వినాశకారి మాత్రమే కాక వార్తాహరుడు కూడ నయ్యెను. అది పోయిన దారిలోని రాతి గుణము నంతటిని తన వేగములో మోసికొనివచ్చును.

అనారోగ్యముచే ఓల్డ్‌హాం 1903లో పదవిని విడిచి ఇంగ్లండు చేరెను. ఉద్యోగము ముగిసినను అధ్యయనము ముగియలేదు. అనేక భూకంపముల గీతలను పోల్చి చూడగా, భూగోళపు టావలివైపునకు చేరు తరంగములు లెక్కకు మించి యాలస్యమగుచున్నట్లు ఆయన గమనించెను. నడుమ నేదో వేరు పదార్థము వానిని అడ్డగించుచుండవలెను. ఈ యాలోచనతో 1906లో, భూమికి ప్రత్యేకమైన గర్భగోళ మొకటి కలదని ఆయన నిరూపించెను. ఏ మానవుడును చేరలేని చోటును చేతిలోని కాగితపు గీతలతో చూచినవాడు ఆయన. సగరపుత్రులు పాతాళమును చూచుటకు భూమినెల్ల త్రవ్విరని పురాణములు చెప్పును. ఓల్డ్‌హామునకు గునపముతో పని లేకపోయెను.

గౌరవములు క్రమముగా ఆయనను వెదకికొని వచ్చెను. 1908లో లయల్ పతకము, 1911లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1920 మొదలు 1922 వరకు లండను భూగర్భశాస్త్ర సంఘాధ్యక్షత లభించినవి. వీనికంటె గొప్పది 1926లో ఆయన చేసిన పని. అరువదియెనిమిది యేండ్ల వయస్సున ఆయన 1819నాటి కచ్ భూకంపమును పరిశీలించుచు, తా నెన్నడో వ్రాసిన అస్సాము భూకంప నిర్ణయములను గూడ మరల విచారణకు పెట్టెను. కీర్తి తెచ్చిన గ్రంథమును తానే ప్రశ్నించుకొనుటకు ఎంతటి నిర్మలచిత్తము కావలెను! లెక్కలో పొరపాటు కనబడినపుడు దానిని దాచువాడు లెక్కకే ద్రోహి. దిద్దువాడే లెక్కకు యజమాని. 1936 జూలై 15వ తేదీన వేల్సు దేశమున లాండ్రిన్‌డాడ్ వెల్స్ అను ఊర ఆయన కన్ను మూసెను. అదే సంవత్సరమున ఇంగె లేమన్ అను డెన్మార్కు విదుషీమణి, ఆయన కనుగొన్న గర్భగోళములోపల మరియొక గోళము కలదని తెలియజేసెను. దీపము ఆరకముందే మరియొక దీపము వెలిగినది.

ఓల్డ్‌హాం భూకంపము వచ్చువరకు వేచియుండి దాని తరంగములను చదివెను. ఆయన తరువాతివారు వేచియుండుట మాని, తామే చిన్న కంపనములను పుట్టింప నేర్చిరి. నేలలో సన్నని గోతులు తొలిచి అందు మందు పేల్చుదురు. దూరదూరముగా వరుసలో నమర్చిన గ్రాహకయంత్రములు ప్రతిధ్వనులను పట్టును. ఉదాహరణమునకు, తరంగము రాతిలో సెకండునకు 6 కిలోమీటర్లు పోవుననుకొందము. ప్రతిధ్వని 2 సెకండ్లలో తిరిగివచ్చినచో, పోక యొక సెకండు, రాక యొక సెకండు గనుక ఆ పొర 6 కిలోమీటర్ల లోతున నున్నదన్నమాట. కొంత దూరము పోయిన తరువాత అదే పొరనుండి ప్రతిధ్వని 1.8 సెకండ్లకే వచ్చినచో, అక్కడ పొర 600 మీటర్లు పైకున్నది. ఈ మార్పు మెల్లమెల్లగా వచ్చినచో అది వాలు. ఒక్క అడుగున మెట్టువలె వచ్చినచో భ్రంశమని యనుమానింపవలెను.

హైదరాబాదులో 1961న స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు సోవియట్ శాస్త్రజ్ఞుల సహకారముతో 1972 మొదలు 1975 వరకు ఇట్టి లోతైన పరిశోధనను భారతదేశమున ప్రప్రథమముగా జరిపిరి. దానికై యెన్నిక చేసిన మార్గము నెల్లూరు సీమలోని కావలినుండి పడమటి తీరమున ఉడిపివరకు సుమారు 600 కిలోమీటర్లు. అది రుద్రవరమునకు దక్షిణముగా కడప శిలల నడ్డముగా దాటినది. తరువాత అలంపురమునుండి కోనికి మీదుగా గణపేశ్వరము వరకు జరిపిన రెండవ పరిశోధన ఉత్తరముగా దాటినది. ఈ పరిశోధనల వలన, పైకి ఒకే పళ్లెమువలె కనబడు ఈ శిలాసీమ లోతున పెద్ద భ్రంశములచే వేర్వేరు ఖండములుగా విడివడియున్నదని తేలెను. భూమిపొర యడుగుభాగము ఇచ్చట సుమారు 35 మొదలు 40 కిలోమీటర్ల లోతున నున్నదనియు, కొన్ని భ్రంశములు అంతవరకును దిగియున్నవనియు శాస్త్రజ్ఞులు గ్రహించిరి. కింగ్ కాలినడకతో చూచిన పైపుటకు లోపలి పుటలు ఈ విధముగా తెరువబడెను.

అయితే ఒక్క పద్ధతిని నమ్మి తీర్పు చెప్పుట ప్రమాదము. భూమి ఆకర్షణబలమును అతిసూక్ష్మముగా కొలిచినచో బరువురాయి ఎచ్చటనున్నదో, తేలికరాయి ఎచ్చటనున్నదో తెలియును. అయస్కాంత బలమును కొలిచినచో ఇనుము పాలుగల శిలల జాడ దొరకును. నేలలోనికి విద్యుత్తును పంపి అడ్డుబాటును కొలిచినచో, నలిగి నీరుపట్టిన రాయికిని గట్టిబండకును భేదము బయలుపడును. రైతుల పొలములలో బోరుబావికి చోటు నిర్ణయించుటకు వాడునది ఈ కడపటి పద్ధతియే. భ్రంశమువెంట నలిగిన రాతిలో నీరు నిలుచుట కవకాశ మెక్కువ. గట్టిబండలో వేసిన బోరు అప్పును మాత్రమే మిగుల్చును. హద్దు తగవులో ఒక్క సాక్షి చాలనట్లే భూగర్భ విషయమునను ఒక్క యంత్రపు సాక్ష్యము చాలదు. గురుత్వము చెప్పినదానిని తరంగము సమర్థింపవలెను. రెండింటిని నేలమీది రాయి ఒప్పుకొనవలెను. లేనిచో అంకె లెన్ని యున్నను అది ఊహయే.

రుద్రవరము రేఖను గూర్చి ప్రజలు భయపడవలసిన పని లేదు. అది కోట్లాది సంవత్సరముల క్రిందట నల్లమల శిలలు నెట్టబడి ముడుతలు పడిన నాటి గుర్తు. రేఖ యున్నంతమాత్రమున రేపు భూమి కదలునని యర్థము కాదు. కాని తన కాలిక్రింద నేమున్నదో తెలిసికొనిన ఊరు తెలియని ఊరికంటె మేలు. ఇల్లు కట్టునప్పుడును, నీటికై వెదకునప్పుడును ఆ తెలివి యక్కరకు వచ్చును.

ఓల్డ్‌హాం గతించిన యరువదియైదేండ్లకు, 2001లో, రోజర్ బిల్హాం, ఫిలిప్ ఇంగ్లండ్ అను శాస్త్రజ్ఞులు భారతీయ సర్వే శాఖవారి ఆ పాత కొలతలను మరల తీసికొని నూతన గణితముతో లెక్కించిరి. షిల్లాంగు పీఠభూమి ఉత్తరపు టంచుక్రింద, నేలపై కనబడకుండ దాగియున్న సుమారు 110 కిలోమీటర్ల భ్రంశమే 1897నాటి విపత్తునకు కారణమని వారు నిర్ణయించిరి. పండితులలో దానిని గూర్చి వాదము లింకను కలవు. అయినను ఆ దాగిన భ్రంశమునకు ఓల్డ్‌హాం భ్రంశమని పేరుపెట్టుట మాత్రము ఉచితమైన సత్కారము. తా నూహించి, పట్టుకొనలేక విడిచిన కారణమునకు తాను భద్రపరచిన లెక్కలే చివరకు దారి చూపినవి.

తండ్రి వదలిన కాగితములను కుమారుడు అచ్చువేయించెను. కుమారుడు అచ్చువేయించిన గ్రంథమును నూరేండ్ల తరువాత నెవరో ముక్కుమొగ మెరుగని వారు తెరచి, అందులో నింతవరకు నెవరును చూడని సత్యమును చూచిరి. నడుమ ఆ గ్రంథమును కాపాడినవి గ్రంథాలయములు. ఏ బీరువాలో ఏ పుస్తక మెవరికొరకు వేచియున్నదో చెప్పజాలము. ఇరువదియైదేండ్లుగా ఊరి గ్రంథాలయమున దుమ్ము దులిపి, చెదలు పట్టకుండ పుస్తకములను కాచినవారు చేసినదియు ఓల్డ్‌హాం తన తండ్రి కాగితములకు చేసిన సేవ వంటిదే. నల్లమల పాదమున పుట్టిన బాలుడో బాలికయో రేపు రుద్రవరము రేఖను పూర్తిగా చదువగలిగినచో, ఆ చదువునకు తొలి యక్షరము ఇట్టి బీరువాలోననే దొరకగలదు.